ఎడమచేతి రాజు

నారాయణగూడలో ప్రహ్లాద్‌కు పటాలు కట్టే దుకాణం. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఆ అరవై తొమ్మిదిలో పూట పూటకూ హర్తాళ్, లాఠీచార్జీ. ఆయన షట్టర్ సగం దించుకుని దేవుళ్ల పటాల మధ్య కూర్చునేవాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన పని వేరు. అచ్చు ప్రెస్సులో రాతిమీద బొమ్మలు గీసేవాడు. రాయిమీద కుడిఎడమలు తారుమారుగా గీస్తేనే కాగితం మీద బొమ్మ సరిగ్గా పడుతుంది. ఆ పనిలో ఆయన్ని మించినవాడు లేడని యజమాని అంటే ఉబ్బిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం కురుమమ్మ వచ్చింది. పాలమూరు నుంచి వలస వచ్చిన మనిషి. అశోక్‌నగర్‌లో లేస్తున్న మేడలకు ఇటుకలు మోస్తుంది, కవాడిగూడ బస్తీలో ఉంటుంది. ఎవరో విసిరిన రాయి గుడిసెలో పడి పటం అద్దం పగిలిందట, కొత్తది వేయమని కొంగు విప్పింది. పెంకులు ఏరుతూ ప్రహ్లాద్ ఆగిపోయాడు. ముప్పై ఏళ్ల నాటి ఆ బొమ్మ తను గీసిందే. ఒక సంస్థానం రాజు పట్టాభిషేకానికి ఊరూరా పంచిన పటం. జనం తెచ్చే కానుక, నజరానా, అందుకోవడానికి రాజు చాచిన చెయ్యి ఎడమది.

తప్పు ప్రహ్లాద్‌దే. కింద పేరు తిరగేసి రాశాడు, చెయ్యి తిరగేయడం మరిచాడు. వేల కాపీలు పడ్డాక చూసుకున్నారు. ఈ జనం రాజును ఎప్పుడైనా చూశారా అని దివాను నవ్వి వదిలేశాడు. నిజమే, గడీ గోడలు దాటని ఆ మహానుభావుణ్ణి పల్లెలు చూసింది కాగితం మీదే.

ఇన్నేళ్లు ఎందుకు దాచుకున్నావని ప్రహ్లాద్ అడిగాడు. అడక్కుండా ఉంటే బాగుండేది. ఆమె మొగుడు చెన్నయ్య ఆ పట్టాభిషేకం ఏటి దసరాకు నజరానా పట్టుకుని గడీలోకి వెళ్లాడట. ఆడవాళ్లను గేటు దగ్గరే ఆపేశారట, ఆమె దొరను చూడనే లేదు.

"బొమ్మల దొర ఎడమ చెయ్యి చాపిండు గద. గదే రివాజు అనుకున్నడు. ఎడమ చేత్తోనే ఇచ్చిండు."

దొరను అవమానించాడని కొరడాలతో కొట్టారు. మూడో నాడు చనిపోయాడు. కొట్టింది నౌకర్లేనని, దొరకు తెలిస్తే ఆపేవాడని కురుమమ్మ నమ్మకం. పటంలో ఆ కళ్లు చూస్తే తెలియదా అంది. రోజూ వాటికి మొక్కే పనికి పోతుంది.

 ప్రహ్లాద్ నోరు మూసుకుని అద్దం బిగిస్తే ఆమె నమ్మకం ఆమెకుంటుంది. కానీ ఆ రాజును తను ఎదురుగా కూర్చుని చూశాడు. రాజు తన బొమ్మ గీయించుకుంటూనే ఒకణ్ణి కొట్టించాడు. గోల దగ్గర్లో వద్దు, దూరంగా తీసుకుపోయి కొట్టమన్నాడు. ఆ ముఖంలో దయ కనిపించాలని దివాను హుకుం. ఎక్కణ్ణుంచి తెస్తాడు?

ఇక దాచలేకపోయాడు. చెయ్యి తన పొరపాటని, కొట్టించేది ఆ రాజేనని అంతా చెప్పేశాడు.  కురుమమ్మ పటాన్ని దగ్గరికి లాక్కుని కళ్లమీద వేలు పెట్టింది.

"మరి ఈ కండ్లు ఎవరివి?"

"మా అమ్మవి," అన్నాడు ప్రహ్లాద్. "దొర కండ్లల్ల దయ లేకుండె. అందుకే అమ్మవి పెట్టిన."

ఆమె పటాన్ని ఆయన వైపు జరిపి లేచింది.

"మీ అమ్మను నీ దగ్గర్నే పెట్టుకో, అన్నా. నా మొగుణ్ణి సంపినోనికి ముప్పై ఏండ్లు మొక్కిన."