గట్టు మీద వదిన గిడుగు

వదిన పోయిందని వాళ్ళబ్బాయి ఫోన్ చేసేసరికి నేను ఆకుమడికి నీళ్ళు కడుతున్నాను. విజయనగరం ఆసుపత్రిలో తెల్లవారుతుండగా పోయిందట. "సరే" అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకున్నాను. గట్టు ఒకచోట తెగి నీళ్ళు పక్క మడిలోకి పోతున్నాయి. మట్టి వేసి కట్టాను. కాళ్ళు కడుక్కున్నాను. అప్పుడు ఇంటికెళ్ళి మా ఆవిడకు చెప్పాను. ఆవిడ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న రోజుకీ రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలీదు, దాని గురించి ఇంకేమీ రాయను.

వదిన గురించి నాలుగు ముక్కలు రాసిస్తే బడి పుస్తకంలో వేస్తామని మాస్టారు వచ్చి అడిగాడు. "నాకేటి రాతొచ్చు బాబూ, సంతకానికెక్కువ, సదువుకి తక్కువ" అన్నాను. "మీరు రాయండి తాతా, గుణింతాలు నేను దిద్దుతాను" అన్నాడు. గుణింతాలు దిద్దుకో, మాటల జోలికి రాకు అని చెప్పి ఒప్పుకున్నాను. చదివేవాళ్ళకు ముందే చెబుతున్నాను. ఆవిడ దేవతని నేను రాయను. ఆవిడ నోరు మంచిది కాదు. నాదీ కాదు.

సొంత అన్న భార్య కాదు, ఊరి వరసకు వదిన. మా పొలాలకు ఉభాలు చేసే ఆడవాళ్ళ గుంపుకు పెద్ద. ఉభాలంటే వరి ఊడ్పులే, మా బొబ్బిలి వైపు అలాగే అంటాం. గుంపు మడిలోకి దిగితే ఒక్కొక్కరిదీ ఒక్కో మునుం. చెయ్యి చాచినంత వెడల్పు పట్టీ. వెనక్కి నడుస్తూ ఆ పట్టీ నిండా ఆకు, అంటే వరి నారు, గుచ్చుకుంటూ పోవాలి. ఎడమ కొస మునుం ఎప్పుడూ వదినదే. కొసన ఉన్న మనిషి వంకర పోతే మడి మొత్తం వంకర పోతుంది.

ఆవిడ గిడుగు తాటాకుది. వానకు తల మీద పెట్టుకుని వంగితే నడుం దాకా కప్పుతుంది, చేత్తో పట్టుకునే పనిలేదు. తర్వాత తర్వాత అందరూ ప్లాస్టిక్ కాగితాలకు దిగారు. వదిన దిగలేదు. "కాయితం కింద ఉడికిపోయి సస్తాను. తాటాకు కింద గాలాడతాది" అనేది. చుట్ట కూడా మానలేదు. నిప్పున్న కొస నోట్లోకి పెట్టి కాల్చే అడ్డపొగ. వాన పడుతున్నా ఆరిపోని చుట్ట అదొక్కటే. చుట్ట చేతిలోకి తీసిందంటే ఎవరికో మూడిందని గుంపంతా తలలు దించుకునేవారు.

ఇప్పుడు అసలు సంగతి. మా వైపు గుంపుల్లో బదులు అని ఒక పద్ధతి ఉండేది. గుంపులో ఒక మనిషి మంచాన పడితే, ఆ ఇంటి నుంచి ఇంకో మనిషి బదులు రావాలి. రాకపోతే ఆ మునుంలోకి వేరే మనిషి దిగిపోతుంది, ఆ ఏడాదికి ఆ ఇంటికి పని లేనట్టే. మగవాళ్ళు ఆకు తియ్యడం, మొయ్యడం చేస్తారు గానీ మునుం పట్టరు. ముసలమ్మ వంగలేదు. ఇంక బదులెవరు? ఆడపిల్ల. బడి సంచీ చూరుకు తగిలించి వచ్చేది. కావాలని పిల్లను పనిలో పెట్టిన తల్లిని మా ఊళ్ళో నేను అరుదుగా చూశాను. బదులు పంపిన తల్లులనే చూశాను. ఏటా బడి తెరిచాక పిల్లలు అట్టముక్కల మీద రాసుకుని, మాకు పని వద్దు చదువు కావాలని అరుస్తూ ఊరంతా తిరిగేవారు. వానలు పడగానే అందులో సగంమంది మడిలో ఉండేవారు. మాస్టార్లు గట్ల వెంట వెతుక్కుంటూ వస్తే పిల్లలు ఆకుకట్టల వెనక దాక్కునేవారు.

ఒక ఏడు వానలు ఆలస్యమయ్యాయి. పడ్డాక అందరికీ ఒక్కసారే ఉభాలు. ఆకు ముదిరిపోతోంది, మనుషులు దొరకడం లేదు. నా పెద్దమడికి గుంపు వచ్చింది. అందులో అప్పలనరసమ్మ లేదు. ఆమె కూతురు గౌరి వచ్చింది. ఏడో తరగతి పిల్ల. తల్లి గిడుగు పెట్టుకుంటే మోకాళ్ళ దాకా వచ్చింది. గిడుగుకు కాళ్ళు మొలిచినట్టుంది.

"ఏటే, నువ్వొచ్చావేటి?" అంది వదిన.

"అమ్మకి జెరం మామ్మా. బదులొచ్చాను."

"మరి బడో?"

"ఉభాలయినాక ఎల్తాను."

వదిన నోట్లో చుట్ట తీసింది.

"బదులూ లేదు, గిదులూ లేదు. నడు బడికి."

"అమ్మ మునుం పోతాది మామ్మా. ఇంకొకలు దిగిపోతారు. మరి మాకేటున్నాది?"

పిల్ల అబద్ధమాడలేదు. ఆ ఇంట్లో మగదిక్కు లేదు. ఆ మునుం పోతే ఆ ఏడు వాళ్ళకు తిండి గింజలు లేవు. గుంపంతా నడుములు ఎత్తి చూస్తోంది. వదిన పిల్ల తల మీద గిడుగు తీసి, అప్పలనరసమ్మ మునుం ఎక్కడ మొదలవ్వాలో అక్కడ గట్టు మీద బోర్లించింది.

"ఇదిగో, మీ యమ్మ ఇక్కడున్నాది. ఈ సందులోకి ఎవులు దిగుతారో నాను సూస్తాను. నువ్వెల్లు."

పిల్ల కదల్లేదు. వదిన మట్టిబెడ్డ తీసింది. అప్పుడు పరిగెత్తింది.

నాకు మండింది. "ఏటొదినా, నా మడిలో సందొదిలీసి ఊడుస్తావేటి? కొంగలు నిలబడ్డానికా?"

"మాపిటికి నీకు మడి నిండాల. అంతే గదా? నిండుతాది. ఎల్లి ఆకుకట్టలు ఇసురు."

"నిండకపోతే?"

"నిండకపోతే నీకు గోసీ కట్టి నిన్నే దింపుతాను మరిదీ. నీ ఒంకర నడుంతో ఎలాగూడుస్తావో ఊరంతా సూస్తాది."

ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. మధ్యలో సందుతోనే వరస వెనక్కి నడిచింది. ఇటు మనిషి ఒక గుచ్చు, అటు మనిషి ఒక గుచ్చు ఆ సందులోకి చెయ్యి చాపి వేస్తూ పోయారు. వదిన తన కొస వదిలి అడపాదడపా వచ్చి పూడ్చింది. చీకటి పడేలోపు మడి నిండింది. అతుకు దగ్గర వరస వంకర పోయింది. "పాము పోతన్నట్టున్నాది" అన్నాను. "పండినాక ఒంకర అవుపించదులే" అంది. ఆ మాట ఆవిడ తర్వాత చాలాసార్లు, చాలా వాటి గురించి అంది.

జ్వరం తగ్గి అప్పలనరసమ్మ వచ్చేదాకా ఆ గిడుగు గుంపు వెంట పొలం పొలం తిరిగింది. ఏ మడికెళ్తే ఆ మడి గట్టు మీద, ఆమె మునుం దగ్గర.

అంతటితో అయిపోలేదు. గుంపులోనే గొణుగుడు మొదలైంది. "ఒకల మునుం మనమెందుకు మొయ్యాల? మనకేటి రెండు నడుములున్నాయా?" అని ఒకామె తన కూతుర్ని తీసుకుని వేరే గుంపులో చేరిపోయింది. కొందరు రైతులు కూడా వదినను పిలవడం మానేశారు. పిల్లల్ని తెచ్చే గుంపులు వేగంగా ఊడుస్తాయని వాళ్ళ లెక్క. నేను మానలేదు. మంచితనంతో కాదు. ఆవిడ గుంపు వేసిన ఆకు నీళ్ళలో తేలదు, అందుకని. ఆ ఏడు గుంపు చాలా రోజులు రామాలయం అరుగు మీద ఊరికే కూర్చుంది. నేను అటు వెళ్తూ, "ఏటొదినా, అరుగు మీదూడుస్తన్నావా?" అన్నాను. మామూలుగా అయితే నా తాత ముత్తాతలను లేపేది. ఆ రోజు చుట్ట కూడా వెలిగించలేదు. గుంపు పగిలిపోతుందని అప్పుడు అనుకున్నాను.

పగల్లేదు. ఎందుకు పగల్లేదో ఉన్నదున్నట్టు రాస్తాను. మరుసటి ఏడు పక్క గుంపులో ఒక బాలింత మునుం పోయింది. ఆమె వదిన దగ్గరికి వచ్చి, "నీ కాడయితే గిడుగు పెడితే మునుం ఉంటాదంట, నిజమేనా?" అని అడిగింది. "ఉంటాది. పిల్లల్ని మడికి తేకూడదు, అదొక్కటే" అంది వదిన. ఆమె వచ్చింది. ఆమె వెనక ఇంకొకరు. ఇందులో బడి మీద ప్రేమ ఏమీ లేదు. జ్వరమొచ్చినా, పురుడొచ్చినా తమ చోటు తమకు ఉంటుందని వచ్చారు. పిల్లలు బడిలో ఉండిపోయారు. తర్వాత మిగతా గుంపులూ గట్టు మీద ఏదో ఒకటి పెట్టడం మొదలుపెట్టాయి. గిడుగు లేనివాళ్ళు అంబలి తపేలా పెట్టేవారు.

అన్నీ మారిపోయాయని రాస్తే వదిన లేచి వచ్చి తిడుతుంది. గొడ్ల వెనక తిరిగే మగపిల్లలను ఆవిడ ఏమీ చెయ్యలేకపోయింది. తల్లిదండ్రుల వెంట ఇటుక బట్టీలకు పోయే పిల్లలకు గట్టు మీద గిడుగు పెట్టేవాళ్ళు లేరు. వాళ్ళను ఎక్కించుకున్న ఆటోలు వెళ్తుంటే వదిన అటు చూసేది కాదు. ముఖం తిప్పుకునేది.

ఎందుకొదినా నీకీ పట్టుదల అని ఒకసారి అడిగాను. గట్టు మీద చోడి అంబలి, అదే రాగి అంబలి, తాగుతున్నాం. ఉల్లిపాయ కొరుకుతూ చెప్పింది.

"మాయమ్మకి కాలు ఇరిగితే నాను బదులెల్లాను. రొండు నెల్లు అన్నారు. అమ్మ కాలు అతుక్కున్నాది. లేచింది, నడిసింది, మడిలోకీ దిగింది. నన్ను మాత్రం మడిలోంచి ఎవులూ ఎక్కమనలేదు. ఇదిగో, ఇప్పటికీ దిగే ఉన్నాను." గిన్నె కడిగి బోర్లించింది. "బదులెల్లిన పిల్ల తిరిగి రాదు మరిదీ."

నేను చిన్నప్పుడు ఒక రైతు ఇంట్లో ఏడాది జీతానికి కంబారిగా గొడ్లు కాసినవాణ్ణి. నాకు కొత్తగా చెప్పేదేమీ లేదు. ఉల్లిపాయలో సగం అడిగితే ఇవ్వలేదు.

ఆ చుట్టే చివరికి ఆవిణ్ణి తీసుకుపోయింది. అంగిట్లో పుండు. డాక్టర్లు కోశారు, మాట పోయింది. పోయిన ఏడు ఉభాలకు మడిలోకి దిగలేదు గానీ గట్టు మీద కూర్చుంది. వంకర పోయిన వాళ్ళను కర్రతో చూపించేది. నేను ఎదురుగా నిలబడి, "ఇన్నాల్టికి నోరు మూసుకున్నావు, ఊరికి శాంతి" అన్నాను. కర్ర నా మీదకు ఎత్తింది. కళ్ళతో నవ్వింది. నేను చూసిన చివరి నవ్వు అదే. ఆసుపత్రికి వెళ్ళి చూడలేదు. వెళ్ళి ఏం మాట్లాడతాను, తిరిగి తిట్టలేని మనిషితో.

ఈ ఏడు నా పెద్దమడికి గుంపు వచ్చింది. ఇప్పుడు గుంపుకు పెద్ద అప్పలనరసమ్మ. గౌరి కూడా వచ్చింది. డిగ్రీ చదువుకుని శ్రీకాకుళంలో మందుల షాపులో పని చేస్తోంది. చావుకు అందలేకపోయానని సెలవు పెట్టి వచ్చిందట. వదిన గిడుగు వాళ్ళింట్లో అడిగి పట్టుకొచ్చింది. గట్టు మీద చెప్పులు విడిచి, కాళ్ళ దగ్గర బట్ట పైకి మడుచుకుని ఎడమ కొస వైపు నడిచింది.

"మామ్మ మునుం ఈ ఒక్క రోజుకి నాను పడతానమ్మా" అంది.

అప్పలనరసమ్మ ఆకుకట్ట విప్పుతోంది. తల ఎత్తలేదు.

"బదులూ లేదు, గిదులూ లేదు" అంది.

అందరూ ఆగారు. గౌరి మడిలో పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకుంది. తర్వాత గిడుగును కొస మునుం దగ్గర గట్టు మీద బోర్లించి, పక్కన కూర్చుంది.

వరస వెనక్కి నడిచింది. నేను ఆకుకట్టలు విసిరాను. సాయంత్రానికి మడి పచ్చగా నిండింది, ఎడమ గట్టు వారన ఒక్క పట్టీ నీళ్ళు తప్ప. అందులోకి చెయ్యి చాపాల్సింది పక్కనున్న అప్పలనరసమ్మే. ఆమె చాపలేదు. నడుం ఎత్తి నా వైపు చూసింది.

"మావా, మడి నీది. ఏటి సెయ్యమంతావు?"

నా మడిలో జానెడు చోటు నేనెప్పుడూ ఊరికే వదల్లేదు. గట్టు మీద కూడా కంది వేస్తాను.

"ఉండనీ" అన్నాను.

వాళ్ళు కాళ్ళు కడుక్కుని వెళ్ళిపోయారు. గిడుగు తియ్యమని నేను చెప్పలేదు, వాళ్ళూ తియ్యలేదు. వాన మొదలైంది. తాటాకు మీద చప్పుడు కాసేపు విని ఇంటికి వచ్చాను.

పొద్దున్నే నీళ్ళు చూద్దామని వెళ్ళాను. ఆ సందులో ఒక కొంగ నిలబడి ఉంది. నేను దాన్ని తోలలేదు.