చాయ్ అయ్యేలోపు ఉబ్బిన రాయి

నిన్న మా వీధిలో బోరు వేస్తుంటే అడుగు నుంచి బూడిదరంగు బురద ఎగజిమ్మింది. ఆ తడి బంకమట్టి వాసన ముక్కుకు తగలగానే నా కడుపులో ఏళ్ల నాటి మంట మళ్లీ భగ్గుమంది. అజీర్తి కాదు, యాదగిరి మేస్త్రీ. ఆయన పేరు చెబితే తెలిసినవాళ్లంతా దండం పెడతారు, నేను మాత్రం కుళ్లుకుంటాను. నాకు పని నేర్పింది ఆయనే. అందుకే ఆ కుళ్లు.

డెబ్బైల చివర్లో కోస్తా నుంచి పచ్చి ఆరని ఇంజనీరింగు పట్టాతో వచ్చి, సంతోష్‌నగర్‌లో ఒక బడి కట్టే పనిలో చేరాను. నా సంతకంతో లేచే మొదటి గోడలు. అవి వంకరపోతే ఉద్యోగం పర్మినెంటు కాదు, తిరుగు రైలే. యాదగిరి నా కింద మేస్త్రీ, కాగితం మీద మాత్రమే. మా పెద్ద ఇంజనీరుగారు జీపు దిగీ దిగకముందే నా తల మీదుగా చూసి "యాదగిరీ, ఏమంటావ్?" అనేవారు. ఇరానీ హోటల్ నుంచి యాదగిరికి అడక్కుండానే చాయ్ వచ్చేది. నేను మూడుసార్లు అరిస్తే ఖాళీ సాసరు వచ్చేది. కాకులు కూడా నన్ను దాటుకుని ఆయన దగ్గరే వాలేవి.

పునాది గుంతలో ఛాతీ లోతున ఆకుపచ్చగా, బూడిదరంగుగా ఒక రాయి తగిలింది. గునపం వేస్తే ఆ ఖంగుమన్న మోత గోల్కొండ దాకా వినిపించింది. "రాయి తగిలింది, ఇక గోడ లేపడమే" అన్నాను. యాదగిరి ఒక పెచ్చు ఊడదీసి నీళ్ల గ్లాసులో వేసి, పక్కన గొంతుక్కూర్చుని సాసర్లో చాయ్ ఊదుకుంటూ తాగాడు. చాయ్ అయ్యేసరికి ఆ పెచ్చు ఉబ్బి, పొరలు పొరలుగా విచ్చుకుని, ముంచి మరిచిపోయిన ఉస్మానియా బిస్కెట్‌లా అడుగుకు జారింది.

"గిది రాయి గాదు సార్. బంకమట్టే బిగుసుకపోయింది. నీళ్లు తాకితే ఉబ్బుతది, గోడను లేపి పడేస్తది. మబ్బు పట్టింది, టార్పాలిన్ కప్పుదమా?"

"నా పుస్తకాల్లో గ్లాసు పరీక్ష లేదు. గురువారం పెద్దసారు వస్తారు, ఈ రాయిని కళ్లారా చూడాలి. తెరిచే ఉంచు."

"ముసురు పడితే మస్తు లొల్లయితది సార్."

"చెప్పానుగా!"

గ్లాసు నిజం చెప్పిందని నాకు తెలుసు. కానీ అది ఆయన గ్లాసు.

మూడు రోజులు వదలకుండా ముసురు. గురువారం పొద్దున చూద్దునుగదా, చదునుగా ఉన్న గుంత అడుగు పూరీలా పొంగి ఉంది. గుర్తుకోసం మూలల్లో నిలబెట్టిన రాళ్లు కల్లు తాగినట్టు ఒరిగి ఉన్నాయి. నా ఉద్యోగం, కుదరబోతున్న సంబంధం, మా ఏడు తరాల పరువు ఆ బురదలో మునుగుతుండగా జీపు వచ్చి ఆగింది.

"ఎవరయ్యా దీన్ని తెరిచి ఉంచమన్నది?" అన్నారు పెద్దసారు, తొలిసారి సూటిగా నా మొహంలోకి చూస్తూ.

యాదగిరి నాకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "మన సారే తెరిచి పెట్టుమన్నడు సార్. గోడ లేపకముందే మీకు కండ్లార సూపెట్టాలన్నడు."

ఒక్క అబద్ధం లేదు! పెద్దసారు ఆ పొంగును చూశారు, నన్ను చూశారు, భుజం తట్టారు. "భేష్. ఇంకా లోతుకు తవ్వించు."

జీపు మలుపు తిరగ్గానే యాదగిరి మీద విరుచుకుపడ్డాను. "నేనడిగానా నిన్ను? ఎందుకలా చెప్పావ్?"

"మీరింక శానా గోడలు గట్టేదున్నది సార్" అని గునపం అందుకున్నాడు.

మరో నాలుగడుగులు తవ్వితే అసలైన నల్లరాయి తగిలింది. నా పెద్దరికాన్ని కూడా నాకంటే బాగా ఆయనే నిలబెట్టాడని అప్పుడు వచ్చిన ఈర్ష్య ఇప్పటికీ తగ్గలేదు. ఆ తర్వాత ఏ గుంత దగ్గరా ఆ గ్లాసు పరీక్ష చేయకుండా సంతకం పెట్టలేదు. కుర్ర ఇంజనీర్లు దాన్ని నా పద్ధతి అంటారు. నేను గొంతు సవరించుకుంటాను తప్ప ఆయన పేరు చెప్పను.

మేస్త్రీ పోయి చాలా ఏళ్లయింది. సంతోష్‌నగర్ వెళ్లినప్పుడల్లా ఆ బడి గోడ చుట్టూ దొంగలా తిరుగుతాను. వెంట్రుకంత బీట కనిపించినా చాలు, ఆయన్ని క్షమించేద్దామని మూలమూలా వేళ్లతో తడుముతాను. ఎక్కడా దొరకదు.