పదకొండు రోజుల గది

ఆర్కిటెక్చర్ చదివిన ఐదేళ్లలో ఎన్ని ఇళ్లు గీశానో నాకే గుర్తులేదు. మా ఇంట్లో వాళ్లకు మాత్రం సొంత ఇల్లు లేదు. బంధువుల పెళ్లికి వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ మాట అని పకపకా నవ్వుతారు. మొదట్లో నేనూ నవ్వేదాన్ని. తర్వాత్తర్వాత నవ్వే ఓపిక పోయింది.

మా బాపు బోధన్ దిక్కు ఒక చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసేవాడు. నేను పుట్టింది ఆ ఫ్యాక్టరీ క్వార్టర్లలోనే. ఫ్యాక్టరీ మూతపడ్డాక నిజామాబాద్ వచ్చి మోటార్లు వైండింగ్ చేసే దుకాణంలో కుదిరాడు. అప్పటినుంచీ అద్దె ఇళ్లే. అమ్మ, బాపు, నేను, బాపును కన్నతల్లి. ఆమెను ఇంటిల్లిపాదీ అవ్వ అనే పిలుస్తాం.

అద్దెకున్న వాళ్లకు మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. ఎక్కడా రాసి ఉండదు గానీ అందరికీ తెలుసు. కిరాయికున్న వాళ్లలో ఎవరైనా పోతే శవాన్ని గేటు లోపలికి రానివ్వరు. ఆసుపత్రి నుంచి అటే శ్మశానానికి తీసుకుపోవాలి, లేదంటే రోడ్డు పక్కన టెంటు వేసుకోవాలి. పదకొండు రోజుల దినాలు అయ్యేదాకా ఇంటివాళ్లు కూడా ఎక్కడో తలదాచుకోవాల్సిందే. ఓనర్లంతా రాతిగుండె వాళ్లేమీ కాదు. పోయిన ఘడియ మంచిది కాకపోతే ఆ ఇల్లు ఆర్నెల్లు మూసిపెట్టాలని పంచాంగం చూసే అయ్యగారు చెబుతాడేమోనని వాళ్ల భయం వాళ్లది.

క్వార్టర్లలో ఈ బాధ ఉండేది కాదు. తాత పోయినప్పుడు మా అర్ర ముందున్న వరండాలోనే పడుకోబెట్టారు. మా క్వార్టర్ల వరుసలో ఉన్నవాళ్లంతా ఆ వరండా పొడుగునా కూర్చున్నారు. ఒకరు చాయ్ పెట్టారు, ఒకరు అన్నం వండి తెచ్చారు. మా పక్కింటి తురకామె అవ్వను ఒళ్లో పడుకోబెట్టుకుంది. ఆ వరండా ఇందుకోసం కట్టి ఉండరు, ఎండ పడకుండా కట్టి ఉంటారు. అయినా అదే పనికొచ్చింది. చిన్నప్పుడు చూసిన ఆ దృశ్యం నాకు కాలేజీకి వెళ్లేదాకా మళ్లీ గుర్తు రాలేదు.

రెండో ఏడు మాకిచ్చిన ప్రాజెక్టు ఒక సామాజిక భవనం. ఎవరి ఊరు వాళ్లు ఎంచుకోవచ్చన్నారు. నేను బోధన్ దగ్గర చెరుకు పండే ఒక ఊరు ఎంచుకున్నాను. మా కాలేజీ ఉన్న హైదరాబాద్ నుంచి బస్సులో వచ్చి, డిచ్‌పల్లి దాటగానే ఇల్లొచ్చేసినట్టు సంబరపడి, మర్నాడు బాపు బండి మీద ఆ ఊరికి పోయాను. అక్కడ ప్రతి కులానికీ ఒక సంఘ భవనం ఉంది. దేని రంగు దానిది, దేని తాళం దానిది. నేను ఊరందరికీ కలిపి ఒక హాలు గీస్తున్నానని చెబితే సంఘం పెద్దమనిషి ఒకాయన నన్ను జాలిగా చూశాడు.

"మాది మాకున్నది, వాళ్లది వాళ్లకున్నది. ఇంకోటి ఎందుకు బిడ్డా? దాని తాళం ఎవల చేతుల ఉండాలె?"

తాళం సంగతి పక్కన పెట్టాను. మెట్ల వరుసలు, గ్రంథాలయం, వర్షపు నీటి తొట్టి అన్నీ పెట్టి హాలు గీశాను. మంచి మార్కులే వచ్చాయి. అట్టతో చేసిన దాని మోడల్, హాస్టల్‌లో నా మంచం కింద ఏడాది పాటు దుమ్ము కొట్టుకుపోయి చివరికి చెత్తబండి ఎక్కింది.

మూడో ఏడు, నాలుగో ఏడు కూడా ఇళ్లే. ఇరుకు స్థలంలో ఎక్కువ కుటుంబాలు, ఎండ, గాలి, బండ్లు పెట్టుకునే చోటు. మా షీట్లు చూసి మార్కులేసే జ్యూరీలో అడిగేవన్నీ బతికున్న వాళ్ల సంగతులే. బతికున్న వాళ్లకే చోటు చాలదు కదా అని నేనూ అనుకున్నాను. అట్టలు కోసీ కోసీ వేళ్లు కాయలు కాచాయి. గీయడం మీద మోజు ఎప్పుడు పోయిందో తెలీదు గానీ, అలవాటు మాత్రం మిగిలింది.

నాలుగో ఏడు సెలవుల్లో అవ్వకు ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చాం. కొన్నాళ్లు చూసి డాక్టరు చేతులెత్తేశాడు. ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. మధ్యాహ్నం ఎర్రటి ఎండలో అంబులెన్స్ మా గల్లీలోకి వచ్చి ఆగింది. లోపల అవ్వ పక్కన నేను, అమ్మ. ముందు బాపు. గేటు దగ్గర మా ఓనరు నిలబడి ఉన్నాడు.

ఆయన పసుపు వ్యాపారం చేసి మానుకున్న పెద్దమనిషి. పండుగనాడు మాకు భక్ష్యాలు పంపేవాడు. అవ్వను పెద్దమ్మా అని నోరారా పిలిచేవాడు. ఆ రోజు గేటుకు అడ్డంగా కూడా నిలబడలేదు, పక్కకే నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించాడు.

"తమ్మీ, ఏమనుకోకు. మా బిడ్డ కానుపుకొచ్చి ఇంట్ల ఉన్నది. పెద్దమ్మకు ఏమన్న అయితే నేను ఆమె అత్తగారోళ్లకు ఏం చెప్పుకోవాలె? నీ కాళ్లు మొక్కుత."

ఆయన అరిచి ఉంటే బాపు కూడా అరిచేవాడు. కాళ్లు మొక్కుతానన్న మనిషితో ఏం పోట్లాడతాడు? డ్రైవరు తల బయటపెట్టి, "అన్నా, ఎటు పోనియ్యాలె? నాకింకో కేసున్నది" అన్నాడు. దుకాణానికా, మేనత్త ఊరికా, పాడుబడిన క్వార్టర్లకా అని బాపు, అమ్మ మాట్లాడుకుంటున్నారు. అప్పుడు అవ్వ కళ్లు తెరిచింది.

"ఇల్లొచ్చిందా?"

అమ్మ ఆమె దుప్పటి సర్దింది.

"గేటు కనవడుతుందిగదనే. దించుతలేరెందుకు?"

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అవ్వ మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది, తర్వాత గేటు దగ్గరున్న ఆయన్ని చూసింది. అంతే, కళ్లు మూసుకుంది. ఆమెకు అర్థమైపోయిందని నాకు అప్పుడే తెలిసింది.

బండిని ఇంకో చిన్న ఆసుపత్రికి తిప్పాం. అక్కడ ఏం మందు పనిచేసిందో, అవ్వ మొండితనమే పనిచేసిందో గానీ, ఆమె లేచి కూర్చుంది. తర్వాత తన కాళ్ల మీద తనే నడుచుకుంటూ అదే గేటు లోపలికి వచ్చింది. ఓనరు ఎదురొచ్చి కుర్చీ వేశాడు, బత్తాయిలు తెచ్చిచ్చాడు. మనవడు పుట్టాడని చెప్పాడు. అవ్వ మనవడిని దీవించి, బత్తాయి తొనలు తీసుకుని తింది.

కానీ ఆ తర్వాత ఒక అలవాటు మొదలైంది. కాస్త జ్వరం వచ్చినా, దగ్గు ఎక్కువైనా, అవ్వ తన దుప్పటి చంకన పెట్టుకుని పోయి గేటు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది. లోపలికి రమ్మంటే రాదు.

"లోపట పోతే మీకు తిప్పలు. ఈడనే ఉంట" అనేది.

బాపు బతిమాలేవాడు, అమ్మ తిట్టేది. గల్లీలో వచ్చేపోయేవాళ్లు "ఏమవ్వా, గాలికి కూసున్నవా?" అని అడిగితే "అవ్ బిడ్డా, గాలికి" అనేది. ఓనరు ఆ కుర్చీ దాటుకుంటూ తల వంచుకుని పోయేవాడు. జ్వరం తగ్గితే తనే లోపలికి వచ్చి ఏమీ జరగనట్టు చిక్కుడుకాయలు తుంచేది. నేను హైదరాబాద్‌లో ఉన్నప్పుడు అమ్మ ఫోన్ చేసి ముందు చెప్పే వార్త, అవ్వ లోపల ఉందా బయట ఉందా అనే.

చివరి ఏడు థీసిస్ కోసం నేను నిజామాబాద్ శివార్లలో అద్దెకుండే వాళ్ల కోసం ఇళ్లు గీశాను. బీడీలు చుట్టే ఆడవాళ్లు, దుకాణాల్లో పనిచేసే మగవాళ్లు ఉండే ఇళ్లు. గేటు పక్కన ఒక పొడుగాటి గది, దాని ముందు క్వార్టర్లలో ఉన్నటువంటి వరండా. దానికి వేరే దారి, స్నానం చేయించడానికి నీళ్ల చోటు, వంటకు పొయ్యిలు, దినాల్లో పిట్టకు ముద్ద పెట్టడానికి ఎత్తు గోడ. పోయినవాళ్లను పడుకోబెట్టడానికి, ఇంటివాళ్లు దినాలు అయ్యేదాకా ఉండడానికి.

జ్యూరీకి బయటి నుంచి వచ్చిన ఒకాయన షీటు మీద వేలు పెట్టి, "ఇది సెక్యూరిటీ వాళ్ల గదా?" అని అడిగాడు. నేను చెప్పాను. "గేటు దగ్గరే ఇది పెడితే ఇళ్లు ఎవరు తీసుకుంటారమ్మా?" అన్నాడు. ఇంకొకామె మంచిదే, నా పక్షాన మాట్లాడాలనుకుంది. "ఉంచు గానీ పేరు మార్చు, బహుళ ప్రయోజన గది అని రాయి" అంది. మార్చాను. నాకు అప్పటికి తల ప్రాణం తోకకొచ్చి ఉంది.

ఆ షీట్లు ఇంటికి తెచ్చి గోడకు ఆనించి పెడితే అవ్వ దగ్గరికొచ్చి చూసింది. ఆమెకు చదువు రాదు కాబట్టి మార్చిన పేరుతో పని లేదు.

"గీ గేటు కాడ గిదేంది?"

చెప్పాను. కొంగుతో కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. వరండాలో నేను గీసిన మనుషుల బొమ్మల మీద వేలు పెట్టి నడిపించింది.

"ఎప్పుడు కడ్తరు?"

"కట్టరవ్వా. ఇది మార్కులకు."

"మరి గింత మంచిగ ఎందుకు గీసినవే?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నాకు ఏడుపొచ్చి వంటింట్లోకి పోయాను.

చదువయ్యాక నిజామాబాద్‌లోనే ఒక ఆఫీసులో కుదిరాను. ఫంక్షన్ హాళ్లకు, మేడలకు ముందు భాగం గీయడం పని. అవ్వ గేటు బయట కూర్చోనక్కర్లేని ఇల్లు సాయంత్రాలు వెతకడం ఇంకో పని. ఎక్కడికి పోయినా మొదటి ప్రశ్న ఒకటే, ఇంట్లో ముసలివాళ్లు ఉన్నారా అని. "ముసలామె ఊర్ల ఉంటదని చెప్పుండ్రి, తర్వాత తెచ్చుకోండ్రి" అని బ్రోకరు ఉపాయం చెప్పాడు. బాపు ఒప్పుకోలేదు. కాళ్లరిగేలా తిరిగాం. మంచి గాలి, మంచి వెలుతురు ఉన్న పోర్షన్లు ఎన్నో చూశాను. అన్నీ నేను కాలేజీలో గీసినటువంటివే.

చివరికి పాత బజారు వెనక గల్లీలో ఒక ఇల్లుందని బాపుకు తెలిసింది. రేకు పెట్టెలు చేసే ఒక చాచా ఇల్లు అది. ఆయన దుకాణం మోటారు బాపే బాగుచేసేవాడు. వాళ్లది తాతల కాలం నుంచీ అదే గల్లీ. పైన ముసలివాళ్లు ఇద్దరే, చాచా, ఆయన భార్య; కింద అద్దెకు. ఆదివారం పొద్దున అవ్వను కూడా ఆటోలో తీసుకుపోయాం. ఈసారి దాచేది లేదు అని బాపు పట్టుబట్టాడు.

ఇల్లు చూసి నేను మొహం మాడ్చుకున్నాను. కిటికీలు ఒక్క దిక్కే ఉన్నాయి. మరుగుదొడ్డి వాకిలి అవతల. గోడలకు చెమ్మ, పైన మేడ లేని ముందు గది కప్పుకు మరకలు. మా కాలేజీలో ఎవరైనా ఇలాంటిది గీస్తే షీటు చింపి చేతికిచ్చేవాళ్లు. బాగున్నది ఒక్క పెద్ద దర్వాజ మాత్రమే. రెండు రెక్కల పాత టేకు దర్వాజ, నేరుగా గల్లీలోకి తెరుచుకుంటుంది. చాచా గోడలకు మేకులు కొట్టొద్దని గట్టిగా చెబుతున్నాడు. అవ్వ ఆయన మాటకు అడ్డం వచ్చింది.

"నాకు పానం బాగుండది. నేను ఈ ఇంట్ల పోతే మీకేమన్న ఇబ్బందా?"

బాపు తల దించుకున్నాడు. చాచాకు ప్రశ్న అర్థమైనట్టు లేదు, నా వైపు చూశాడు. నేను కట్టుబాటు సంగతంతా వివరించాను, ఆ పదకొండు రోజులతో సహా. ఆయన విన్నాడు.

"మా అమ్మీ ఈ కమ్రాలనే పోయింది. జనాజ ఈ దర్వాజలకెంచే లేసింది" అన్నాడు, పాడె దాటిన ఆ దర్వాజ చూపిస్తూ. "మౌత్ వస్తే, సావును గేటుకాడ ఆపుతమా బేటా? మీ దినాలు మీరు చేసుకోండ్రి. మేకులు మాత్రం కొట్టొద్దు."

అవ్వ ముందు గదిలో నడిమధ్యకు పోయి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా కూర్చుంది. ఏం చేస్తోందో మాకు తెలిసేలోపే బండల మీద పడుకుంది, పోయినవాళ్లను పడుకోబెట్టినట్టు తల దక్షిణానికి పెట్టి. కాళ్లు చాపుకుని, కుడికీ ఎడమకూ చెయ్యి చాపి చూసుకుంది. బాపు "లే అవ్వా, ఏందిది" అంటూ బయటికి పోయి గోడ దిక్కు తిరిగి నిలబడ్డాడు.

పైనుంచి చాచా భార్య చాయ్ పట్టుకుని దిగింది. కింద పడుకున్న అవ్వను చూసి, అలసిపోయి పడుకుందనుకుంది.

"అయ్యో, అక్కడ వద్దు అక్కా. వానొస్తే కారుతది. ఇటు గోడ దిక్కు పడుకో."

నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. అవ్వ మాత్రం నిజంగానే గోడ దిక్కు జరిగి, మళ్లీ తల సరిచేసుకుని పడుకుంది. పడుకునే నన్ను పిలిచింది. నా బ్యాగులో టేపు ఉంటుందని ఆమెకు తెలుసు.

"దర్వాజ కొలిసి సూడు బిడ్డా. ఎత్తుకోని నలుగురు పడతరా?"

రెండు రెక్కలూ బార్లా తెరిచి కొలిచాను. మళ్లీ ఒకసారి కొలిచాను. పడతారని చెప్పాను.

"అయితే సామాను తెండ్రి" అని అవ్వ లేచి చాయ్ అందుకుంది.