శ్రమల దినాల్లో గుడ్డు ప్రశ్న

మా రేపల్లె చర్చి స్త్రీల సమాజం తరఫున టాంజానియాలో జరిగే సోదరీల కూటానికి నన్ను పంపుతామన్నారు. ఏడాదిగా ప్రార్థించిన ప్రయాణం. ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకపోతే మాత్రం ఇక్కడ విమానం ఎక్కనివ్వరట, తిరిగొచ్చేటప్పుడూ ఆపేస్తారట.

"పచ్చ జ్వరమంటే కామెర్లేగా వదినా, మన చెరుకుపల్లిలో పసరు పోస్తారు, దానికి విశాఖ దాకా ఎందుకు?" అంది పక్కింటామె.

నాతో వస్తున్న తెనాలి పాస్టరమ్మగారు నవ్వి, మలేరియా మాత్రలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, కాచిన నీళ్లు అంటూ పెద్ద జాబితా చదివారు. టీకా పడ్డాక పది రోజులు గడిస్తేనే కార్డు చెల్లుతుందని కూడా చెప్పారు. మా విమానం టీకా రోజు నుంచి పన్నెండో రోజున. విశాఖ కేంద్రంలో ఆ టీకా వేసేది వారానికి ఒక్కరోజే. ఆ రోజు తప్పితే ఇక ప్రయాణం లేదు.

నేను బడి మెట్లెక్కలేదు. నాన్నే ఇంట్లో బైబిలు ముందు పెట్టి చదువు చెప్పారు. పెద్దవాళ్లు ఏది అడిగితే దానికే, అడిగినంతవరకే జవాబివ్వాలని కూడా ఆయనే నేర్పారు. ఆ నేర్పు విశాఖలో నా కొంప ముంచబోయింది.

"గుడ్డు తింటారా అమ్మా?" అన్నారు డాక్టరుగారు.

"తిననండి."

ఆయన సూది పక్కన పెట్టేశారు. "అయితే వెయ్యలేమమ్మా. ఈ టీకా గుడ్డులో తయారవుద్ది. పడనివాళ్లకి ప్రమాదం."

వెనక నిలబడ్డ పాస్టరమ్మగారు ముందుకొచ్చారు.

"ఏంటమ్మా నువ్వు! సరిగ్గా చెప్పు. అయ్యా, ఇవి శ్రమల దినాలండి. ఈస్టరు దాకా గుడ్డు మానేసింది, అంతే. పడకపోవడం కాదు."

"మరి ముందు తినేవారా?"

"వారానికి నాలుగు రోజులు అట్టేసుకు తినేదాన్నండి."

"దద్దుర్లు, ఆయాసం?"

"ఏనాడూ లేవండి."

డాక్టరుగారు నవ్వి సూది అందుకున్నారు. అప్పుడు నాకు కొత్త భయం పుట్టింది.

"అమ్మగారూ, మందులో గుడ్డుందంటున్నారు. మరి నా నియమం?"

"నువ్వు నోటితో తింటున్నావా? భుజం ఏ నియమం పట్టిందే?" అన్నారావిడ.

వరసలో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. ఆ నవ్వులోనే సూది వేసేశారు. నొప్పే తెలియలేదు.

అరగంట అక్కడే కూర్చోమన్నారు. తలవంచి కళ్లు మూసుకున్నాను. వెంటనే నర్సమ్మ నీళ్ల గ్లాసుతో పరిగెత్తుకొచ్చింది.

"కళ్లు తిరుగుతున్నాయా ఆంటీ?"

"లేదమ్మా, స్తోత్రం చెప్పుకుంటున్నా."

డాక్టరుగారి కోసం, పాస్టరమ్మగారి నోటి చలవ కోసం, ఆ మందుకు గుడ్లు పెట్టిన కోళ్ల కోసం కూడా చెప్పుకున్నాను. కోళ్ల సంగతి ఆ పిల్లతో అనలేదు. ఆమె తెచ్చిన నీళ్లు మాత్రం గ్లాసెడూ తాగేశాను.

ముద్రపడిన పసుపు కార్డు చేతికొచ్చింది. తిరుగు రైలు తెనాలి చేరేలోపు పదిసార్లైనా తీసి చూసుకుని ఉంటాను. చివరికి పాస్టరమ్మగారే దాన్ని లాక్కుని నా బైబిల్లో పెట్టారు. ఈస్టరు మేం టాంజానియాలో చేసుకున్నాం. ఆ ఉదయం అక్కడి అక్క ఒకామె నా పళ్లెంలో ఉడికిన గుడ్డు పెట్టి, తింటారా అని సైగ చేసింది.

ఈసారి గట్టిగా తల ఊపాను.