కోతి కొరికిన పుస్తకం

ఎవరైనా మా కాలేజీ వదిలి టీసీ తీసుకుపోవాలంటే, లైబ్రరీ పుస్తకాలేవీ తన దగ్గర లేవని నా సంతకం ఉండాలి. కరీంనగర్‌లో ఇరవై ఏళ్లుగా లైబ్రేరియన్‌ని; నా అధికారమల్లా ఆ ఒక్క సంతకమే. నా నోట అబద్ధం తప్ప రాదని మా ఇంటామె అంటుంది. నేను వాటిని కథలంటాను.

ఆ ఏడు కాలేజీ తెరిచిన మూడో వారంలోనే ఒక ఫస్టియర్ పిల్ల కాగితం పట్టుకొని వచ్చింది. సిరిసిల్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉంటోంది.

"సంతకం పెట్టుండ్రి సార్, ఇంటికి పోతున్న."

గదంతా తలెత్తింది. అంత గొంతు. కిటికీలో పావురం లేచిపోయింది, ఇప్పటికీ తిరిగి రాలేదు.

ఎందుకు పోతున్నావని అడిగితే ఈసారి గొంతు నొక్కిపెట్టి చెప్పింది.

"మా ఇంట్ల పొద్దంత సాంచెలు నడుస్తయ్ సార్. అరిస్తెనే అవ్వకు ఇనపడ్తది. క్లాసుల నోరు తెరిస్తె అందరు నవ్వుతుండ్రు. వారం సంది ఎవలతోని మాట్లాడుతలేను."

మరమగ్గాల చప్పుడులో పెరిగిన గొంతు మరి. రిజిస్టర్ తెరిచాను. ఆమె పేరు మీద ఏమీ లేదు.

"నీ పేరు మీద ఒక పుస్తకముంది బిడ్డా."

"నేనేం తీసుకపోలే సార్."

"రాసున్నది మరి. ఎర్ర అట్ట. ఎనుకట ఒకడు కొండగట్టుకు పట్టుకపోతే కోతి గుంజుకొని కొరికింది. మూలకు పంటిగాట్లుంటయ్. గీ అరలల్లనే ఎక్కడ్నో ఉంటది. తే, సంతకం పెడత."

మొదటి రోజు ఒక్కతే వెతికింది. రెండో రోజు ఆదిలాబాద్ నుంచి వచ్చిన హాస్టల్ పిల్ల దగ్గరికొచ్చింది.

"ఏం దేవులాడుతున్నవే?"

"కోతి కొరికిన పుస్తకం."

ఆ జవాబు గది అవతలి గోడ దాకా వినపడింది. అందరూ నవ్వారు, కానీ ఆమె గొంతుకు కాదు, కోతికి. ఆదిలాబాద్ పిల్ల చున్నీ నడుముకు చుట్టి తానూ వెతకడం మొదలుపెట్టింది. మర్నాటికి అయిదుగురయ్యారు. నాలుగో రోజు అరల మధ్య నుంచి సిరిసిల్ల పిల్ల గొంతే అందరికీ పని పంచుతోంది.

"నువ్వు పై అర జూడు. నువ్వు గా మూల జూడు. కోతివి నువ్వైతె యాడ పెడ్తుంటివో సోంచాయించు."

'నిశ్శబ్దం' బోర్డును నేనే గోడవైపు తిప్పాను.

శనివారం నా బల్ల ముందుకు వచ్చి నిలబడింది.

"సార్, గసొంటి పుస్తకమే లేదు గదా."

"లేదు."

"కోతి?"

"కోతులున్నయ్. కొండగట్టుల మస్తున్నయ్."

నవ్వలేదు. నాకు భయమేసింది. ఒక్కోసారి కథ ఎక్కువైపోతుంది. పెన్ను తీశాను.

"కాగితం తే బిడ్డా. పెడత."

ఆమె బ్యాగులోంచి కాగితం తీసింది. మడత విప్పబోతుంటే తలుపు దగ్గర నుంచి ఆదిలాబాద్ పిల్ల పిలిచింది.

"మెస్సుల అన్నం అయిపోతది. వస్తవా, రావా?"

"వస్తున్న, నా పళ్లెం గూడ పట్టు."

ఆ కేకకు బల్ల మీది గాజు పలక అదిరింది. కాగితం తిరిగి బ్యాగులోకి పోయింది.

"పెన్నుకు మూత పెట్టుండ్రి సార్," అంది. "కింది అర ఇంక దేవులాడలే."