బాబాయి వాల్వు మంచిదే

మొన్న మా ఇంటి ప్రింటరులో బయట కొన్న ఇంకు డబ్బా పెడితే, ఇది మా కంపెనీది కాదు కాబట్టి పనిచేయనని తెర మీద చూపించి మొరాయించింది. అది చదివి కోపం రావడానికి ముందు సిగ్గు వేసింది, ఎందుకంటే ఇరవై ఏళ్ల కిందట ఆ మాట చెప్పే నేను జీతం తీసుకున్నాను.

మండపేట రైసు మిల్లుల్లో బియ్యంలోని నల్లగింజలు ఏరే మిషన్లకు అప్పుడు నేను కంపెనీ సర్వీసు మనిషిని. ఒక మిల్లులో మా బాబాయే ఫిట్టరు. "ఇంత ఎండలో ఆ టై ఏంట్రా, గేదె మెడలో గంటలాగ!" అని నవ్వేవాడు. ఏ మిషను చెడినా కింద పాత పంచె పరిచి, విప్పిన మరలను విప్పిన వరుసలోనే పేర్చుకుని, అదే వరుసలో తిరిగి బిగించేవాడు.

ఒక కోతల కాలంలో ధాన్యం లారీలు రోడ్డు దాకా నిలిచి ఉండగా, నల్లగింజను గాలితో ఊది నెట్టేసే వాల్వు పోయింది. కంపెనీ వాల్వు నాలుగింతల ధర, పైగా పది రోజులు ఆగాలి. బాబాయి లేతు షాపులో చేయించి వేస్తే మిషను వారం రోజులు శుభ్రంగా నడిచింది.

తర్వాత తనిఖీకి వెళ్లిన నేను, కంపెనీ చెప్పినట్టే, నాకొక్కడికే తెలిసిన నంబరు నొక్కి మిషనును ఆపేశాను. బయటి వాల్వు వల్ల బోర్డు కాలిందండీ అని యజమానితో అబద్ధం చెప్పాను.

"కాలితే వాసన రావాలి కదరా?" అన్నాడు బాబాయి.

"నువ్వు చేసిన ఘనకార్యం చాల్లేవయ్యా!" అని యజమాని కసిరాడు.

మర్నాటి నుంచి బాబాయిని బస్తాలు కుట్టే చోట కూర్చోబెట్టారు. నా ఉద్యోగం పోతుందనేమో, ఇంట్లో కూడా ఆయన నన్ను ఏమీ అడగలేదు. మిషను తగలబెట్టిన ఫిట్టరన్న పేరుతోనే పోయాడు.

ఆనాటి మిల్లు మనుషులెవరైనా ఇది చదివితే తెలుసుకోండి: ఆ వాల్వు మంచిదే, చెడ్డది నా మాట. కంపెనీ చెప్పింది చేశానంటే అది జవాబు కాదు. కొన్నవాడి వస్తువుకు అమ్మినవాడు తాళం వేసుకుంటే దాన్ని అమ్మకమని నేను ఇక ఒప్పుకోను, ఆ ప్రింటరు కంపెనీ ఇంకు డబ్బానూ కొనను.

ప్రింటరు విప్పుదామని నేనూ పాత పంచె పరిచాను. ఎటు తిప్పి చూసినా పైకి ఒక్క మర కనబడలేదు. విప్పే చేతులను మనం అవమానించి పంపేశాక, విప్పడానికి వీల్లేని వస్తువులు ఇంటి నిండా వచ్చి చేరాయి.

పంచె మాత్రం ఇంకా మడత పెట్టలేదు.