టికెట్టు అడగనివ్వని ప్రార్థన

మన రాకపోకలను కాచే ప్రభువుకు ముందుగా స్తోత్రం.

ఈ ఉదయం రాజమండ్రిలో బస్సెక్కితే కండక్టరు నా ఆధార్ కార్డు చూసి, సున్నా రూపాయల టికెట్టు చేతిలో పెట్టింది. ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితమే అయినా ఆ చీటీ తప్పనిసరి. డబ్బే కట్టక్కర్లేని చోట టికెట్టు ఎగ్గొట్టడమంటే ఏమిటా అని నాకు వింతగా ఉంటుంది. అలా ఎగ్గొట్టిన మనిషిని ఒక్కరినే ఎరుగుదును. ఆవిడ మా మేనత్త.

అత్తయ్య మా సంఘంలో బైబిలు స్త్రీగా ముప్ఫై ఏళ్ళు ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పింది. బస్సు కదిలితే చాలు, కొంగు తలమీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని ప్రయాణ ప్రార్థన మొదలుపెట్టేది. డ్రైవరు, బ్రేకులు, టైర్లు, ఎదురొచ్చే కడియం మొక్కల లారీలు, అన్నిటినీ పేరుపేరునా దేవుడికి అప్పగించేది. ప్రార్థనలో ఉన్నవాళ్ళని కదపకపోవడం మా వైపు మర్యాద. కిందటేడాది రామచంద్రపురం పెళ్ళికి వెళ్తున్నప్పుడు కూడా నేను నా టికెట్టు తీసుకుని ఊరుకున్నాను. ఆవిడ కార్డేమో ఆవిడ ఒళ్ళో బైబిల్లో ఉంది. కండక్టరు కొత్తమ్మాయి, వచ్చి, నిలబడి, వెళ్ళిపోయింది.

కడియం దగ్గర చెకింగ్ ఆయన ఎక్కాడు. అత్తయ్య చేతిలో టికెట్టు లేదు. ఆవిడ ప్రార్థనలో ఉన్నారని ఆ అమ్మాయి చెబుతున్నా వినకుండా, టికెట్టు ఇవ్వలేదని ఆ అమ్మాయి మీదే రిపోర్టు రాయడానికి పుస్తకం తీశాడు. ఆమె మొహం పాలిపోయింది. ఇంకా పర్మనెంటు కాని ఉద్యోగం, ఒక్క రిపోర్టుతో పోతుంది. ఇప్పుడే ఎక్కానని చెప్పమని అత్తయ్య చెవిలో అన్నాను.

అత్తయ్య లేచి నిలబడింది. "రాజమండ్రిలోనే ఎక్కానండి. ఈ అమ్మాయి మూడుసార్లు వచ్చింది. నేనే తీసుకోలేదు."

"కళ్ళు మూసుకుని ఉంటే మూడుసార్లని ఎలా తెలిసిందండి?"

బస్సంతా నవ్వింది. అత్తయ్య నవ్వలేదు.

"గాజుల చప్పుడు వినపడిందండి. వచ్చినప్పుడల్లా ఇంకాస్త పొడిగించాను. ఎంత భక్తో అని నలుగురూ అనుకోవాలని. రాయాల్సింది నా పేరండి."

ఆయన రిపోర్టు పుస్తకం మూసేసి, జరిమానా ఆవిడ పేరునే రాశాడు.

తిరుగు ప్రయాణంలో అత్తయ్య టికెట్టు తీసుకున్నాకే కళ్ళు మూసుకుంది. రెండు నిమిషాల్లో ఆమెన్ అనేసింది. అంతేనా అని అడిగాను.

"ఆయనకి వినపడింది లేవే" అంది.

ముప్ఫై ఏళ్ళు ముదిరిన అలవాటుని దేవుడు రెండు ఊళ్ళ మధ్య సరిచేశాడు. మన కాలాలు ఆయన చేతిలో ఉన్నాయి. అలాంటి గడియ ఒకటి మనకీ దయచేయమని, ఇది చదివే మీరూ నాతో కలిసి ప్రార్థించండి. పొడుగ్గా అక్కర్లేదు.